ఏ లోపమూ లేదు

"వదినా, నా థీసిస్ ఏదీ?"

కంప్యూటర్ తెర నల్లగా ఉంది. ఏ మూలా ఒక చుక్క లేదు, గీత లేదు. మౌస్ కదిపితే బాణం గుర్తు కూడా రావడం లేదు.

"లోపలే ఉంది. ఎక్కడికీ పోలేదు," అంది వదిన, నాలుగోసారి ఆపి మళ్లీ ఆన్ చేస్తూ.

"లోపల ఉంటే కనిపించదేం?"

"అదే నాకూ అర్థం కావట్లేదు."

అప్పటికి పదకొండూ పది. ఆసుపత్రిలో నర్సుగా చేస్తూనే ఆడపడుచు రెండేళ్లు కూర్చుని రాసిన నూట నలభై పేజీలు మధ్యాహ్నం పన్నెండు లోపు యూనివర్సిటీకి మెయిల్‌లో చేరాలి. చేరకపోతే ఇంకో ఏడాది ఆగాల్సిందే. ఆ ఫైలు ఉన్నది ఈ ఒక్క కంప్యూటర్‌లోనే.

వదిన మందుల షాపులో ఫార్మసిస్టు. కొత్త సాఫ్ట్‌వేర్ ఏది వచ్చినా ముందు తను ఎక్కించి చూడందే ఆవిడకి ముద్ద దిగదు. ఈ ఉదయం ఎక్కించింది లినక్స్‌తో నడిచే కంప్యూటర్లకి తెర రూపాన్నిచ్చే కొత్త డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్. ఇంకా విడుదల కాలేదు. పరీక్షించి చూసేవాళ్ల కోసం ముందుగా వదిలారు.

"విడుదల కానిదాన్ని తెచ్చి ఇవాళే పెట్టాలా?" అరిచింది ఆడపడుచు.

"పాత ఫైళ్ల జోలికి వెళ్లదన్నారే! పైగా ఇది చూడు," అని వదిన తన ఫోన్ చూపించింది. పరీక్షించినవాళ్ల అభిప్రాయాలున్న పేజీ అది. అచ్చం ఇదే మోడల్ కంప్యూటర్ ఉన్న ఒకాయన అందులో రాశాడు: 'మూడు వారాలుగా పొద్దస్తమానం దీని మీదే పనిచేస్తున్నాను. ఏ లోపమూ లేదు. సందేహాలుంటే ఫోన్ చేయండి.' కింద నంబరు.

"అయితే ఆ మహానుభావుణ్ణే అడుగు."

వదిన ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. రెండో రింగుకే ఎత్తాడాయన.

"ఏ లోపమూ లేదని రాశారు కదండీ. మాకేమో అంతా నల్లగా ఉంది!"

"నల్లగానా? నాకలాంటి ఇబ్బందేమీ రాలేదే." నిదానమైన గొంతు. "ఆన్ చేయగానే చిన్న మ్యూజిక్ వచ్చిందా అమ్మా?"

"వచ్చింది."

"అయితే బ్రహ్మాండంగా పనిచేస్తోంది."

వదిన తెరకేసి చూసింది, ఆడపడుచుకేసి చూసింది. "సార్, ఏమీ కనిపించట్లేదంటున్నా!"

"సరేలెండి. పాస్‌వర్డ్ కొట్టి ఎంటర్ నొక్కండి."

"ఎక్కడ కొట్టను? దానికి చోటేదీ?"

"కీబోర్డ్ మీదేనమ్మా."

ఆడపడుచు తల పట్టుకుంది. "వదినా, ఈయన మనతో ఆడుకుంటున్నాడు," అంది గుసగుసగా. వదినకీ అదే అనుమానం. అయినా వేరే దారి లేక పాస్‌వర్డ్ కొట్టింది. టింగుమంది.

"అదిగో, లోపలికి వెళ్లిపోయారు," అన్నాడాయన సంతోషంగా.

"ఎక్కడికి వెళ్లాం సార్? నల్లగానే ఉంది!"

"ఉండనివ్వండి. ఇంతకీ అర్జెంటుగా మీకేం కావాలి?"

వదిన థీసిస్ సంగతి చెప్పింది. అప్పటికి పదకొండూ ఇరవై ఐదు.

"ఓస్, అంతేనా! ముందు ఆ మౌస్ తీసి పక్కన పడేయండి. దాంతో ఏ ఉపయోగమూ లేదు. కింద వరసలో విండోస్ గుర్తున్న మీట నొక్కి, మెయిల్ అని కొట్టి, ఎంటర్ నొక్కండి. పదంకెలు లెక్కపెట్టండి. ఇప్పుడు కంట్రోల్, ఎన్. కొత్త ఉత్తరం తెరుచుకుంది."

"తెరుచుకుందని ఎలా తెలుస్తుంది?"

"ఎందుకు తెరుచుకోదమ్మా?"

వదిన ఇక ఆయన చెప్పినట్టల్లా చేస్తూ పోయింది. యూనివర్సిటీ అడ్రసు ఆడపడుచు ఒక్కో అక్షరం చదువుతుంటే గాల్లో ముగ్గు పెడుతున్నట్టు కొట్టింది. ఫైలు జత చేసే మీటలు నొక్కించి ఆయన ఫైలు పేరు అడిగాడు.

"ఫైనల్," అంది వదిన.

"కాదు, అది పాతది!" ఆడపడుచు ఉలిక్కిపడింది. "'అసలు ఫైనల్ రెండు' అని ఉంటుంది."

అది కొట్టేసరికి డబ్బుమని చప్పుడైంది.

"ఒక అక్షరం తప్పు పడింది," అన్నాడాయన వెంటనే. "మొత్తం చెరిపేసి మళ్లీ కొట్టండి. కంగారు పడకండి."

ఈసారి చప్పుడు రాలేదు. రాకపోవడం మంచిదో చెడ్డదో ఇద్దరికీ తెలియలేదు. చివరికి ఆయన చెప్పగా కంట్రోల్ పట్టుకుని ఎంటర్ నొక్కింది. "పంపేయనా అని అడుగుతుంది, ఇంకో ఎంటర్," అన్నాడు. అదీ నొక్కింది. తెర కొంచెం కూడా మారలేదు.

"వెళ్లిపోయింది," అన్నాడాయన.

ఆడపడుచు తన ఫోన్ తీసి యూనివర్సిటీ ఆఫీసుకి కలిపింది. అటు గుమాస్తా చాలాసేపు వెతికాడు. ఆమె గోళ్లు కొరుకుతూ నిలబడింది.

"వచ్చిందమ్మా. నూట నలభై పేజీలు. ఇప్పుడే అందింది."

టైము పదకొండూ యాభై ఒకటి. ఆడపడుచు వదినను వాటేసుకుని ఏడ్చేసింది. ఇప్పటిదాకా తిట్టుకున్న తిట్లన్నీ ఆ కౌగిలిలోనే కొట్టుకుపోయాయి.

వదిన కళ్లు తుడుచుకుని ఫోన్ దగ్గరికి వంగింది. "సార్, మీ మేలు ఈ జన్మకి మర్చిపోం. కానీ ఒక్కటి మాత్రం బుర్రకెక్కట్లేదు. మాదీ మీదీ ఒకే కంప్యూటర్, ఒకే సాఫ్ట్‌వేర్. మా తెర ఇప్పటికీ నల్లగానే ఉంది. మరి మీ తెర మీద అన్నీ ఎలా కనిపిస్తున్నాయి?"

"తెర మీదా?" తర్వాత ఆయన ఫోన్ పక్కకి తిప్పి ఇంట్లోకి కేకేయడం వినిపించింది.

"ఏమోయ్, ఒకసారిలా వచ్చి నా కంప్యూటర్ తెర వెలుగుతోందో లేదో చెప్పు... చూపున్నవాళ్లు అడుగుతున్నారు!"