మోకాళ్ల గుర్తులు

తమ్ముడు ఎడిమార్ బైకు ప్రమాదంలో పోయాక వాడి సర్ఫింగ్ బోర్డు గోడకే ఆనించి ఉంది. పక్కింటి జురాసీకి ఇచ్చేద్దామని, కాలు జారకుండా దానికి రాసిన మైనాన్ని గీకుతున్నాను.

మైనం కొత్తది. పైగా మోకాళ్లు ఆనే చోట అరిగింది. మా ఫోర్టలేజా తీరంలో మోకాళ్ల మీద అల ఎక్కితే చిన్నపిల్లలు కూడా ఏడిపిస్తారు.

“అమ్మా, దీన్నెవరు వాడుతున్నారు?”

చేప పొలుసు తీస్తున్న అమ్మ తలెత్తలేదు.

“నేనే. లేచి నిలబడటం ఇంకా రాలేదు.”

“ఈ వయసులో నీకేం పిచ్చమ్మా? అలల మీద వాడు గుర్తొస్తాడనా?”

“లేదే. అక్కడ పడకుండా చూసుకోవడంతోనే సరిపోతుంది. వాడు గుర్తురాడు.”

గీకినంత మేరా మళ్లీ మైనం రుద్ది, బోర్డు గోడకు ఆనించాను.