తక్కువొచ్చిన కొలెస్ట్రాల్

పున్నయ్య పిడికిలి బిగించి గుద్దితే ట్రాక్టరు టైరు గాలి దిగిపోయేది. రాయచూరు దగ్గర, కాలవ కింద ఆంధ్రా నుంచి వలసొచ్చినవాళ్ళు కట్టుకున్న మా క్యాంపు ఊళ్ళో నా కళ్ళారా చూశాను.

అంతటి పున్నయ్యను నెయ్యి మానెయ్యమన్నాడు రక్తపరీక్షల వ్యానులో వచ్చిన ల్యాబాయన. కొలెస్ట్రాల్ ఎక్కువట.

"మరి మావాడికో?"

"మీ అబ్బాయికి చాలా తక్కువుంది పెద్దాయనా."

పున్నయ్య కొడుకు చంద్రమోహన్‌ది సికిల్ సెల్ జబ్బు. ఉన్నట్టుండి ఎముకల్లో నొప్పి లేచి మంచాన పడేవాడు. పున్నయ్య లెక్కలో అది కొడవలి పట్టమన్నప్పుడే వచ్చే రోగం.

ఇప్పుడు రుజువు దొరికింది.

"నా ఒళ్ళే చెడింది, వాడిది ఉక్కు! విన్నావుటే దేవికా? నీ మొగుడు ఇన్నాళ్ళూ నాటకమాడాడు."

"చన్నీళ్ళల్లో దింపొద్దు మామయ్యా. డాక్టరమ్మ చెప్పింది. చచ్చిపోతారాయన" అంది కోడలు.

"చస్తే పాడె నేనే మోస్తాలే."

పై రైతులెవరో కాలవకు మట్టిబస్తాలు అడ్డమేశారు. నాట్లేసిన మడి బీటలు తీస్తోంది. ఒళ్ళు కొరికే చలి పొద్దున, పున్నయ్య కొడుకును చొక్కా పట్టి ఈడ్చుకెళ్ళి నడుంలోతు నీళ్ళలోకి తోశాడు.

చంద్రమోహన్ ఒక బస్తా లాగాడు. రెండోదాని మీద చెయ్యి వేసి, తొడలు పట్టుకుని అరిచాడు.

ఆ అరుపుకి గట్టుమీది కొంగలు లేచిపోయాయి.

"లేరా! నీ కొలెస్ట్రాల్‌కి శాలువా కప్పిస్తాను, లే!"

"నాన్నా... ఎముకల్లో గునపాలు దిగుతున్నాయి నాన్నా..."

పున్నయ్య చేతిలోని పార కర్ర, ఆ కామ, కొడుకు భుజం మీద పడింది. చర్మం చిట్లి నీళ్ళు ఎర్రబడ్డాయి.

గట్టు పట్టుకోబోతే వేళ్ళ మీద పడింది.

ఈసారి తలకు గురిచూసి ఎత్తాడు.

పక్క పొలం ఈరప్ప వెనకనుంచి వచ్చి కామ పట్టుకున్నాడు. "బిడ్రీ, బిడ్రీ! ఇడువు పున్నయ్యా, పిల్లడు సస్తడు!"

కొడుకును భుజాన వేసుకుని ట్రాక్టరు ఎక్కించింది పున్నయ్యే.

రాయచూరు ఆసుపత్రిలో డాక్టర్ మేఘ తలుపు తీసుకుని బయటికొచ్చింది.

"వాడికి కొలెస్ట్రాల్ తక్కువే కదమ్మా?" అన్నాడు పున్నయ్య.

"ఈ జబ్బుల చానామందికి తక్కువే ఉంటది పెద్దాయనా. రక్తం ఇరిగిపోతుంటది, మళ్ల చేసుకునేటందుకు ఒంట్లున్నదంతా ఖర్చయితది. లోపల ఇనుముకు పట్టినట్ల తుప్పు పడుతుంటది. బలం గాదు గది."

పున్నయ్య చేతులు పంచెకు తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు.

దేవిక ఏడవలేదు.

"పాడె మోస్తానన్నారుగా మామయ్యా. రండి."

టైరు సంగతి కోతలే లెండి. దానికి ముందే తుమ్మముల్లు దిగింది. గాలి తీసింది ముల్లు, పేరు కొట్టేసింది పున్నయ్య.

ఈరప్ప చెయ్యి అడ్డుపెట్టాడన్నదీ నా కల్పనే. ఆ పొద్దున అతను కల్లూరులో చెల్లెలింట్లో ఉన్నాడు.

ఎత్తిన కామను ఆపడానికి కాలవ గట్టున ఇంకెవరూ లేరు.