ట్యూబు మీద పేరు

"ఈ ట్యూబుకి లేబుల్ అంటించిన మహానుభావులెవరు?"

రౌండ్స్‌లో చీఫ్ గొంతు వార్డు చివరిదాకా వినిపించింది. ఎనిమిదో మంచం రోగి రక్తం తొమ్మిదో మంచం పేరుతో వెళ్లింది. బ్లడ్ బ్యాంకు వాళ్లు పాత రిపోర్టుతో సరిచూసి పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. లేకపోతే వేరే గ్రూపు రక్తం ఎక్కి ఒక నిండు ప్రాణం పోయేది.

అంటించింది పీజీ చదువుతున్న డాక్టరమ్మ. "నేనే సార్" అన్న రెండు ముక్కలు ఆమె నాలుక చివరిదాకా వచ్చి అక్కడే ఆగిపోయాయి. ఈలోగా చీఫ్ చూపు, ఆ ట్యూబులు పట్టుకెళ్లిన హౌస్ సర్జన్ పిల్ల మీద పడింది.

"నువ్వేనా? నీ పోస్టింగు ఇంకో నెల పొడిగిస్తున్నాను. అప్పటికైనా పేర్లు చదవడం వస్తుందేమో చూద్దాం."

పిల్ల తల వంచుకుంది. పీజీ కూడా వంచుకుంది. ఆమె తల ఎందుకు వంగిందని ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నం సెమినార్ హాల్లో కొత్త శిక్షణ. పని ఒత్తిడికి డాక్టర్లు నీరుగారిపోతున్నారట, తమ మీద తాము కాస్త దయ చూపించుకోవడం నేర్పాలట. ట్రైనరమ్మ "కళ్లు మూసుకోండి" అనడమే ఆలస్యం, వెనక వరసలో గురక మొదలైంది. ఆవిడకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"సరే, కళ్లు తెరవండి! ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చోండి. ఒకరు తమ బాధ చెప్పాలి, రెండోవాళ్లు స్నేహితుల్లా ఓదార్చాలి. రేపు తప్పు మీది అయినప్పుడు, ఆ మాటలే మీకు మీరు చెప్పుకోవాలి."

హౌస్ సర్జన్ కుర్చీ లాక్కుని వచ్చి సరిగ్గా పీజీ ఎదురుగానే కూర్చుంది. పీజీ పని కుడితిలో పడ్డ ఎలుకలా అయింది.

"పొద్దున్నుంచీ ముద్ద దిగట్లేదక్కా. నెలాఖరుకి వచ్చేస్తానని నాన్నకి చెప్పాను, ఇప్పుడు ఏమని చెప్పను? వార్డులో అందరూ నన్నే చూస్తున్నట్టుంది."

పీజీ ఆమె చేతులు పట్టుకుంది. "అలిసిపోయినప్పుడు ఎవరికైనా పొరపాటు జరుగుతుందమ్మా. ఒక్క తప్పుకే నువ్వు చెడ్డ డాక్టరువైపోవు."

"చూశారా, ఎంత చక్కగా చెప్పారో!" అంటూ ట్రైనరమ్మ అందరిచేతా చప్పట్లు కొట్టించింది. పీజీ సిగ్గుతో చచ్చిపోయింది. ఆ చప్పట్లకి బదులు చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

"ఇప్పుడు రెండోవాళ్ల వంతు."

చెప్పెయ్, ఇప్పుడే చెప్పెయ్ అంది మనసు. కానీ దగ్గర పడుతున్న పరీక్షలూ, మార్కులు వేసే చీఫ్ మొహమూ కళ్ల ముందు మెదిలాయి.

"నాకేముంది... అమ్మకి ఫోన్ చెయ్యడానికి కూడా తీరిక దొరకట్లేదు, అదే బాధ," అంది ఎటో చూస్తూ.

హౌస్ సర్జన్ ఆమె భుజం మీద చెయ్యి వేసి, పక్కవాళ్లకు వినపడనంత మెల్లగా అంది.

"పర్లేదక్కా. మీలా వరసగా అన్ని నైట్ డ్యూటీలు చేస్తే, ఎవరైనా ఆ లేబుల్ తప్పుగానే అంటిస్తారు."