దొరగారి రక్తపరీక్ష

"వీడు మళ్లీ పాలిపోయాడే! చిగుళ్లు చూడు," అంటూ అమ్మ కుక్కను పరీక్షబల్ల మీదికి ఎత్తబోయి, ఎందుకో మానుకుంది. కూతురే ఎత్తి కూర్చోబెట్టింది.

కుక్క ముద్దుపేరు దొర. పేరుకు తగ్గట్టే దర్జాగా కూర్చున్నాడు. పశువుల డాక్టరైన కూతురు వాడి పెదవి పైకెత్తి, చిగురు మీద వేలితో నొక్కి వదిలింది. తెల్లబడిన చోట ఇట్టే ఎరుపు తిరిగొచ్చింది.

"వీడికేం, గుండ్రాయిలా ఉన్నాడు. పోయినవారం కూడా ఇదే చెప్పానమ్మా."

"మరి మెట్టుమెట్టుకీ ఎందుకు ఆగుతున్నాడు? వీధి మలుపు దాకా వెళ్లి కూలబడతాడు. నన్ను విడిచి అడుగు ముందుకెయ్యడు పాపం. పట్టపగలు నిద్ర. రక్తం తక్కువైతేనే ఇలా ఉంటారు. నాకు తెలీదా?"

తెలియకేం! ఈ ఆసుపత్రి ఒకప్పుడు అమ్మదే. గేదె అయినా, మేక అయినా, బడి నుంచి వచ్చిన కూతురైనా, ముందు కింది రెప్ప లాగి రక్తం ఉందో లేదో చూసేది. అల్లుడు మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు అతని రెప్ప కూడా లాగింది. అతను ఆ మాట చెప్పుకుని ఇప్పటికీ నవ్వుతాడు. "రక్తహీనత జబ్బు కాదే, చాడీ. లోపల ఏదో జరుగుతోందని చెబుతుంది," అనేది అమ్మ. ఆ రోజులు తలుచుకుంటే కూతురికి స్పిరిటు వాసన కూడా తియ్యగా ఉంటుంది.

దొర కాలి నుంచి కాస్త రక్తం తీసి, గాజుపలక మీద పూసి, రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టింది.

"నువ్వే చూసుకో."

అమ్మ వంగి చాలాసేపు చూసింది. ఎర్రకణాలు నిండుగా ఉన్నాయి. పిడుదులు అంటించే జ్వరం జాడ లేదు.

"బంగారంలాంటి కణాలు," అని ఒప్పుకుని, కుర్చీ పట్టుకుని లేచింది.

అప్పుడు అర్థమైంది కూతురికి. కుక్క వట్టి సాకు. అమ్మ బెంగంతా ఈ గదుల మీద, ఈ వాసన మీద. ఇన్నాళ్లూ తనకది తట్టనే లేదు.

"దొరకి ఏమీ లేకపోయినా రోజూ రామ్మా. నీ పాత స్టూలు అటక మీదే ఉంది, దింపిస్తాను."

"రావాలనే ఉంటుందే. వీడు మెట్లెక్కొద్దూ?"

బల్ల మీంచి దింపి తాడు విప్పగానే దొర వాకిలి మెట్లన్నీ ఒక్క ఊపున దిగి, మళ్లీ ఒక్క ఊపున పైకొచ్చి అమ్మ పాదాల దగ్గర నిలబడ్డాడు.

"చూశావా, మందు లేకుండానే కుదిరాడు!" అంది అమ్మ.

కూతురికి నవ్వొచ్చింది. "అందరి రెప్పలూ లాగావుగా. ఇవాళ నా వంతు," అని అమ్మ గడ్డం పట్టుకుని, బొటనవేలితో కింది రెప్పను మెల్లగా లాగింది.

లోపల సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.