గుడికి వీపు తిప్పినవాడు

"ఏమయ్యా పెద్దాయనా! దేవుడికి వీపు చూపిస్తావా? బుద్ధుందా?"

సుమియే అరిచిన అరుపుకి గుడి గుమ్మం దగ్గర కాపలా ఉన్న రాతినక్కలు కూడా ఉలిక్కిపడాల్సిందే.

వరిపంటల దేవుడు ఇనారి గుడి మెట్ల మీద ఎవరో ముఖపరిచయం లేని ముసలాయన, గుడికి వీపు తిప్పి, కింద పొలాలకేసి వంగి వంగి దణ్ణాలు పెడుతున్నాడు.

"గుళ్ళో ఎవరున్నారు తల్లీ?" అన్నాడాయన తాపీగా. "చలి పోగానే స్వామి కొండ దిగి మళ్ళలోకి వెళ్ళిపోయాడుగా. మళ్ళీ కోతలయ్యాకే పైకి రావడం."

"అయితే నా మడికి దారి మరిచిపోయాడు కాబోలు! నారంతా కుళ్ళిపోయింది. ఊళ్ళో ఎవరి దగ్గరా మిగులు లేదు. మొగుడు లేనిదాన్ని, ఇద్దరు పసివాళ్ళతో వచ్చే చలికాలం ఏం తిని బతకను?"

నైవేద్యానికి తెచ్చిన తోఫు వేపుడు విసురుగా రాతినక్కల ముందు పెట్టింది.

"నీ మడి ఏది?"

"అదిగో, బోసిగా ఉన్నది. చూసి నవ్వుకో."

ముసలాయన నవ్వలేదు. ఆ మడికేసి ఇంకాస్త వంగి దణ్ణం పెట్టి, మెట్లు దిగిపోయాడు.

'పిచ్చి ముసలాడు' అనుకుంది సుమియే.

మర్నాడు పొద్దున్నే పొరుగింటి ఫుకు వగరుస్తూ వచ్చింది. "ఒసే సుమియే, నీ గట్టు చూశావటే?"

గట్టు పొడవునా వెదురుబుట్టలు. వాటి నిండా పచ్చపచ్చటి నారుకట్టలు!

సుమియే పరుగున మడి దగ్గరికి వెళ్ళింది. బురదలోనే మోకాళ్ళ మీద కూలబడి, గుళ్ళో మొక్కినట్టే రెండు చేతులూ చరిచి మొక్కింది.

"స్వామే వచ్చాడే ఫుకూ! ఎదురుగా నిలబడితే పోల్చుకోలేక తిట్టిపోశాను."

ఊరంతా దిగి సాయంత్రానికల్లా నాట్లు ముగించారు.

"దేవుడైతే బుట్టలెందుకే?" అంది ఫుకు, ఒకదాన్ని తిప్పి చూస్తూ. "ఈ అల్లిక కొండవతల ఊరిది."

తెల్లారగానే సుమియే ఖాళీబుట్టలు కావడికి కట్టుకుని కొండ దాటింది. ఊరి మొదట్లోనే ఒక ఇల్లాలు బుట్టలు గుర్తుపట్టింది.

"ఇవి మా మామగారివేనండీ!"

"ఎక్కడున్నారమ్మా? ఆయన కాళ్ళకి మొక్కాలి."

ఆమె ఇంటి ముందున్న మడి చూపించింది. చక్కగా దున్ని, నీళ్ళు పెట్టి ఉంది. ఒక్క మొక్క లేదు.

"మా నారంతా ఎత్తుకొచ్చి మీకిచ్చేశారు కదండీ. 'నేనైతే కూలికి పోగలను, ఆ తల్లి పసివాళ్ళనొదిలి పోలేదుగా' అని, ఈ ఏటి తిండిగింజల కోసం నిన్ననే ఎక్కడికో నాట్లకి పోయారు."