ప్రొఫెసర్ స్టోల్ట్స్ సిఫారసు

"తొంభై నాలుగు శాతం! ఈ రాష్ట్రంలో ఇంకే కాలేజీకైనా ఉందేమో చూపించండి!" ప్రొఫెసర్ స్టోల్ట్స్ అరచేత్తో బల్ల మీద చరిచాడు.

నెబ్రాస్కాలోని ఆ చిన్న యూనివర్సిటీలో, మెడిసిన్‌కి ముందు చదివే నాలుగేళ్ళ డిగ్రీకి ఆయనే పెద్ద. ఆ డిగ్రీ మంచిచెడ్డలు మదింపు చేయడానికి ఒమాహా నగరంలోని ఒక ఆసుపత్రి నుంచి వచ్చిన డాక్టర్ ఓక్స్ అనే ఆవిడ ఉదయం నుంచీ ఆయన్ని గుచ్చిగుచ్చి అడుగుతోంది.

"మీరు పంపిన పదహారు మందిలో పదిహేను మందికి మెడికల్ సీట్లొచ్చాయి, అంతే కదా? చేరింది నూట నలభై మంది. మిగతావాళ్ళేమయ్యారు?"

"చాలామంది వేరే చదువులకి మారిపోయారు. కొందరికి నేనే సిఫారసు ఉత్తరం ఇవ్వలేదు. నా ఉత్తరం లేకపోతే ఏ మెడికల్ కాలేజీ వాళ్ళని గడప తొక్కనివ్వదు."

"అంటే, ఓడిపోతారనుకున్నవాళ్ళని పరుగే పెట్టనివ్వకుండా గెలుపు లెక్కేసుకున్నారన్నమాట."

"మాటలు జాగ్రత్త!" ఆయన మెడ నరాలు ఉబ్బాయి. "ముప్పై ఏళ్ళ అనుభవం నాది. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుంటే చాలు, డాక్టరవుతాడో కాడో చెప్పేస్తా. ఒక్కొక్కరి గుణగణాలు తూచి మరీ ఉత్తరం రాస్తా."

"మారిసోల్ కింటెరో గుర్తుందా?"

"ఎందుకు లేదూ! మాంసం ఫ్యాక్టరీలో షిఫ్టు చేసొచ్చి నా క్లాసులో కునికేది. కెమిస్ట్రీలో సి గ్రేడు. డాక్టరయ్యే మొహం కాదు, ఇంకేదైనా చూసుకోమన్నా."

"ఇప్పుడు మా ఆసుపత్రిలో పిల్లల డాక్టరు. అప్పట్లో మెడికల్ కాలేజీకి వెళ్ళిన మీ ఉత్తరం ఇదిగో."

స్టోల్ట్స్ కాగితం లాక్కుని చదివాడు. 'అరుదైన దీక్ష, రోగి పట్ల సహజమైన కరుణ...' మొహం కందగడ్డలా అయింది. అక్షరాలా తన మాటలే. కింద తన సంతకం.

"ఐడెల్లా!"

పక్కగది లోంచి డిపార్ట్‌మెంట్ సెక్రటరీ వచ్చింది. ఆయన కాగితాన్ని ఆవిడ మొహాన విసిరాడు.

"ఏంటిది? నీ పనేనా?"

"నాదే సార్. మీ సంతకం ముద్ర నా సొరుగులోనే ఉంటుంది కదా. ఈ అమ్మాయికే కాదు, మీరు వెళ్ళగొట్టిన ఇరవై ఆరు మందికి కొట్టాను."

"ఇరవై ఆరు మందికా! ఫోర్జరీ! నిన్ను జైలుకి పంపిస్తా. ముద్ర దొంగిలించావు సరే, ఈ మాటలు ఎక్కణ్ణుంచి దొంగిలించావే? ఈ పిల్ల గురించి నేను ఒక్క ముక్క రాయలేదు!"

ఐడెల్లా వంగి కాగితం తీసింది. ఆయన కళ్ళలోకి సూటిగా చూసింది.

"ముప్పై ఏళ్ళుగా మీరు మెచ్చిన ప్రతి ఒక్కరికీ ఈ ఒక్క ఉత్తరమే కదా సార్, పేరు మార్చి పంపమనేవారు; నేనూ పేరే మార్చాను."