పళ్ళెం మోత

అయినా ఆ పళ్ళేన్ని అంత గట్టిగా కొట్టాలా? చెంచాతో ఒకసారి తాకిస్తే వినపడదూ? సొట్ట పడితే కొత్తది ఎవరిస్తారు? ఆ పళ్ళెం తనది. మొదటి ఆదివారం సీతారావమ్మే దాన్ని ఇంటి నుంచి తెచ్చింది. వస్తువు బాగైతే తెచ్చినవాళ్ళు పళ్ళెం మోగించి, నేర్పినవాళ్ళ పేరు అందరికీ వినపడేలా చెప్పాలనే పద్ధతి కూడా ఆమె పెట్టిందే. ఇప్పుడా పళ్ళెం హాలు మధ్యలో కూర్చుని పొద్దుటి నుంచీ ఒకటే పేరు పలికిస్తోంది.

మళ్ళీ మోగింది. "శ్రీదేవి గారు!" అని అరిచారెవరో. చప్పట్లు.

నరసరావుపేటలోని ఆ కాలనీ వాళ్ళు ఆదివారాలు కమ్యూనిటీ హాల్లో చేరతారు. చిరిగినవీ విరిగినవీ పట్టుకొస్తారు. తెలిసినవాళ్ళు పక్కన కూర్చుని చూపిస్తారు. స్క్రూడ్రైవరు పట్టాల్సింది మాత్రం తెచ్చినవాళ్ళే. సీతారావమ్మది కుట్టుమిషన్ల బల్ల. ఈ మధ్యే మాచర్ల నుంచి వచ్చిన శ్రీదేవి సరిగ్గా ఎదురుగా బల్ల వేసుకుంది. మిక్సీ చూస్తుంది, గొడుగు చూస్తుంది. కుట్టుమిషను కూడా చూస్తానంది.

ఏముంది ఆమెలో? నవ్వుతుంది. నవ్వడం కూడా ఒక పనేనా? పళ్ళు తనకు మాత్రం లేవా?

అయినా తన దగ్గరికీ వారం వారం ముగ్గురో నలుగురో వస్తూనే ఉన్నారు. పనితనం తెలిసినవాళ్ళు. ఆ నలుగురి కోసమే సీతారావమ్మ ఆదివారం పొద్దున్నే తల దువ్వుకుని బయల్దేరుతోంది.

కొంగు ముడిని వేళ్ళతో తడుముకుంది. ఉంది. గోరంత ఇనప రేకు. బాబిన్ కేసులో దారాన్ని బిగించి పట్టేది అదే. అది లేకపోతే కింది దారం ఉండలు చుట్టుకుపోతుంది, ఎంతటివాళ్ళు కూర్చున్నా కుట్టు పడదు. కొత్తది కొందామన్నా ఆదివారం కొట్లుండవు. అక్క కూతురు బిందు మిషనులోంచి పొద్దున తనే దాన్ని ఊడదీసింది. బిందుకి ఆ సంగతి తెలియదు. "ఆ శ్రీదేవికి చూపియ్యి. నా పేరు మాత్రం ఎత్తమాక" అని చెప్పి పంపింది.

ఎదురు బల్ల దగ్గర శ్రీదేవి మిషను మీదికి వంగింది. బాబిన్ కేసు చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. ఈసారి నవ్వలేదు.

సీతారావమ్మకి ఒళ్ళు తేలికైంది. చల్లటి మజ్జిగ తాగినట్టుంది.

బిందు మిషను ఎత్తుకుని ఇటే వచ్చింది.

"ఏమే, ఏమంది?"

"తన వల్ల కాదంట పిన్నీ."

"ఏందీ? గట్టిగా చెప్పు, వినపడట్లా."

"శ్రీదేవి గారి వల్ల కాదంట!"

పక్క బల్ల దగ్గర ఫాను విప్పిస్తున్న చెన్నకేశవరావు తలెత్తాడు. "ఏందమ్మాయ్, ఆమె వల్ల కానిది కూడా ఉందా?"

"అన్నీ అందరికీ వస్తయ్యా అన్నయ్యా?" సీతారావమ్మ ఎంతో నెమ్మదిగా అంది. పాత సామాను డబ్బా ముందుకు లాక్కుంది. ఏం చేయాలో పొద్దున్నే అనుకుంది. డబ్బాలో వెతుకుతున్నట్టు వెతికి, ముడిలోని రేకుని అందులోంచి తీసినట్టు తీస్తే చాలు.

ఇద్దరు ముగ్గురు చుట్టూ చేరారు. చెన్నకేశవరావు పళ్ళెం తెచ్చి ఆమె ముందే పెట్టి, చెంచా బిందు చేతికిచ్చాడు. "ఇయ్యాళ మీ బల్ల మోగిద్దమ్మా."

బిందు చెంచా ఊపుతూ కిసుక్కున నవ్వింది. పిన్ని చెవి దగ్గరికి వంగి, "మీ ఇద్దరికీ ఇదేం జబ్బు పిన్నీ? ఇద్దరూ పేరు చెప్పొద్దనే వాళ్ళే" అంది.

"ఇద్దరేందే?"

"నువ్వు నీ పేరు ఎత్తొద్దన్నావా? ఆమేమో 'ఆ బల్ల కాడికి పో, నేను పంపానని మాత్రం చెప్పమాక' అంది."

"ఎందుకంట?"

"నేను నీ మనిషినని ఆమెకి తెలవదుగా, అంతా చెప్పేసింది. ప్రతి ఆదివారం ముగ్గుర్నో నలుగుర్నో తనే ఇటు పంపుతదంట. ఎవరూ రాకపోతే నువ్వు మానేస్తావని ఆమె భయం. నువ్వు లేకపోతే ఈ హాలు బాగోదంట."

డబ్బాలో సీతారావమ్మ చెయ్యి ఆగిపోయింది.

పోయిన వారం వచ్చిన ఆకుపచ్చ చీరావిడ. అంతకుముందు వచ్చిన ముసలాయన. "మీ పనితనం గురించి విన్నామమ్మా" అన్న కొత్త జంట. వాళ్ళు ఎవరి నోట విన్నారో ఇన్ని వారాల్లో ఒక్కసారి కూడా అడగలేదు తను. ఇది జాలా, గౌరవమా? జాలైతే తిట్టుకోవచ్చు. గౌరవమైతే? ఎదురుగా శ్రీదేవి ఎవరి గొడుగో పట్టుకుని, పనిగట్టుకుని ఇటు చూడకుండా కూర్చుంది. మనసారా ద్వేషించడానికి కూడా ఆ మనిషి తనకేమీ మిగల్చలేదు.

"దొరికిందా పిన్నీ?"

అందరూ చూస్తున్నారు. డబ్బా నిండా మేకులు, మరలు. వేళ్ళు ఒక్కసారి కొంగులోకి పోయి వస్తే ఈ హాలంతా తన పేరు మోగుతుంది.

సీతారావమ్మ డబ్బాలోంచి చెయ్యి ఖాళీగా తీసింది. కొంగు ముందుకు లాక్కుని, ముడిని అందరి ఎదుటా పంటితో విప్పి, పళ్ళెం మీద దులిపింది.

గోరంత రేకు పడి టిక్కుమంది. అంత చిన్న మోతకే హాలంతా ఇటు తిరిగింది. బిందు నవ్వు ఆగిపోయింది.

పళ్ళెం మోగాక నేర్పినవాళ్ళ పేరు చెప్పాలి. పద్ధతి.

"శ్రీదేవి" అంది సీతారావమ్మ.